సౌర కుటుంబం పాఠం: పుస్తకంలో బొమ్మ సరే.. ఆకాశం సంగతేంటి?

ఆగస్టు 23 వచ్చిందంటే స్కూళ్లలో సందడే. 2023లో అదే రోజు సాయంత్రం 6.04 గంటలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర్లో దిగింది. ఆ తేదీనే కేంద్రం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది. అప్పటి నుంచి థర్మాకోల్ రాకెట్లు, ఇస్రో మీద క్విజ్‌లు, వ్యాసరచన పోటీలు.. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ అదే పిల్లల్ని రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి 'ఇందులో గ్రహం ఏది, నక్షత్రం ఏది?' అని అడిగితే ఎంతమంది చెప్పగలరు? పిల్లల దాకా ఎందుకు, పెద్దవాళ్లూ తడుముకునే ప్రశ్నే ఇది.

సౌర కుటుంబం పాఠం మన సిలబస్‌లో లేక కాదు. చిన్న తరగతుల నుంచే ఉంది. సమస్యంతా ఆ పాఠం బిట్ ప్రశ్నగా మారిపోవడంతోనే. సూర్యుడి నుంచి వరుసగా ఎనిమిది పేర్లు అప్పజెప్పాలి, పెద్దది ఏదో చిన్నది ఏదో చెప్పాలి. అంతే, మార్కులు వచ్చేస్తాయి.

ఈ బిట్లు ఎంతకాలం నిలుస్తాయో చూడండి. 'ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది?' పోటీ పరీక్షల పుస్తకాల్లో ఎప్పుడూ కనిపించే ప్రశ్న. 2019 అక్టోబరు దాకా దీనికి జవాబు గురుడు. అప్పుడు శని చుట్టూ 20 కొత్త చంద్రులు బయటపడటంతో జవాబు శని అయింది. 2023 ఫిబ్రవరిలో మళ్లీ గురుడు ముందుకొచ్చాడు. మూడు నెలలకే మళ్లీ శని. 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవాటికి గుర్తింపు రావడంతో శని లెక్క 274కి చేరింది. ఇక 2006 ఆగస్టులో ప్లూటోని గ్రహాల జాబితా నుంచి తీసేసిన సంగతి సరేసరి. అంతకుముందు చదివినవాళ్లలో కొందరు ఇప్పటికీ తొమ్మిదే అంటారు. అసలు ఎందుకు తీసేశారు అన్నదే మంచి పాఠం. అది మాత్రం బిట్‌లో పట్టదు.

బొమ్మతోనే వచ్చింది చిక్కు

పుస్తకంలో బొమ్మ గుర్తుందా? ఓ పక్క సూర్యుడు, పక్కనే గోళీల్లా వరుసగా గ్రహాలు. ఆ పేజీలో నిజమైన దూరాలు చూపించడం ఎవరి వల్లా కాదు. స్కూల్ గ్రౌండ్‌లో మాత్రం కొంతవరకు చూపించొచ్చు.

సూర్యుడి స్థానంలో ఓ ఫుట్‌బాల్ పెట్టారనుకుందాం. ఆ లెక్కన భూమి ఓ ఆవగింజ. దాన్ని బంతి పక్కన కాదు, దాదాపు 24 మీటర్ల దూరంలో పెట్టాలి. చంద్రుడు గసగసం కంటే చిన్న చుక్క, ఆవగింజకు 6 సెంటీమీటర్ల దూరంలో. మనిషి ఇప్పటిదాకా వెళ్లింది ఆ 6 సెంటీమీటర్లే! పెద్ద గోళీ అంత గురుడిని 120 మీటర్లకు పైగా నడిచి పెట్టాలి. అప్పటికే చాలా స్కూళ్లలో ప్రహరీ గోడ అడ్డొచ్చేస్తుంది. నెప్ట్యూన్‌ని, అంటే ఓ శనగ గింజని, 700 మీటర్ల అవతల ఏ బస్టాప్ దగ్గరో పెట్టి రావాలి. ఖర్చు ఏమీ లేదు. వంటింట్లో ఉన్న గింజలు, ఓ టేపు, ఒక పీరియడ్. ఆ నడక నడిచిన పిల్లాడు అంతరిక్షం అంటే దాదాపు ఖాళీయే అన్న మాటను మళ్లీ మర్చిపోడు.

బొమ్మ వల్ల ఇంకో పొరపాటు కూడా ఉంది. భూమి కక్ష్యని పక్క నుంచి చూస్తున్నట్టు, బాగా సాగదీసిన కోడిగుడ్డులా గీస్తారు. దాంతో సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అని పిల్లలు వాళ్లంతట వాళ్లే అనేసుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సంక్రాంతికి ముందు మనం చలికి వణికే రోజుల్లో! అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో 15.2 కోట్లు. రుతువులకు కారణం దూరం కాదు, 23.5 డిగ్రీల మేర ఒరిగిన భూమి అక్షం. ఈ సంగతి పాఠంలో ఉన్నా, బొమ్మే గెలుస్తోంది.

గుళ్లో తొమ్మిది, బళ్లో ఎనిమిది

తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు. గుళ్లో నవగ్రహాల చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. అక్కడ సూర్యుడూ చంద్రుడూ గ్రహాలే, భూమి మాత్రం లేదు. రాహుకేతువులు ఉన్నారు. బళ్లో మాత్రం వేరే లెక్క. పదం ఒక్కటే, అర్థాలు రెండు. చాలా క్లాసుల్లో ఈ ప్రశ్న రాకుండానే పాఠం దాటేస్తారు, ఎందుకొచ్చిన గొడవ అని. కానీ ఇందులో గొడవేం లేదు. నక్షత్రాల మధ్య చోటు మారుతూ కంటికి కనిపించేవి ఏడు. మన వారాల పేర్లు కూడా ఆ ఏడే. రాహుకేతువులు ఖగోళ లెక్కల్లో చంద్రుడి దారి, సూర్యుడి దారి కలిసే రెండు చోట్లు. గ్రహణాలు అక్కడే పడతాయి. యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో టెలిస్కోప్‌లకు దొరికాయి కాబట్టే వాటి పేరుతో వారం లేదు. వారాల పేర్ల నుంచి మొదలుపెడితే ఆరో తరగతి పిల్లలకి కూడా ఇది అరగంటలో అర్థమయ్యే విషయం.

నీడ మాయమయ్యే రోజు సెలవు

అసలు సమస్య టైం టేబుల్‌ది. ఈ సబ్జెక్టుకి ల్యాబ్ ఆకాశమే. అది తెరుచుకునే టైంకి స్కూల్ మూతపడి ఉంటుంది.

పగటిపూట కూడా ఓ అవకాశం ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ మొత్తంగా కర్కట రేఖకు దిగువనే ఉన్నాయి. అందుకే ఇక్కడ ఏ ఊళ్లోనైనా ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ పక్కకు పడదు. ఢిల్లీ పిల్లలకు ఈ భాగ్యం లేదు. తిరుపతిలో ఇది ఏప్రిల్ నెలాఖరులో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, ఆదిలాబాద్‌లో మే మూడో వారంలో వస్తుంది. అన్నీ వేసవి సెలవులే! రెండోసారి జులై నెలాఖరు నుంచి ఆగస్టు మధ్యలోపు వస్తుంది. స్కూళ్లు ఉంటాయి, మబ్బులూ ఉంటాయి. అయినా ఆ ఒక్కరోజే అక్కర్లేదు. వారానికోసారి అదే కర్ర నీడ కొలిచి సుద్దముక్కతో గీత గీసినా చాలు, సూర్యుడు ఉత్తర దక్షిణాలకు జరగడం పిల్లలకే తెలిసిపోతుంది. 8వ తరగతి 'నక్షత్రాలు - సౌర కుటుంబం' పాఠంలో నీడ కొలిచే కృత్యం ఎప్పటినుంచో ఉంది. పరీక్షలో రాదు కాబట్టి జరగదు.

ఇక గ్రహణాలు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం హైదరాబాద్‌కు దగ్గర్లోనే, ఉస్మానియా యూనివర్సిటీకి చెందిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా వెళ్లింది. శాస్త్రవేత్తలకు పండగ. ఊళ్లలో మాత్రం జనం తలుపులు వేసుకుని కూర్చున్నారు. తర్వాత 2019 డిసెంబరు 26న, 2020 జూన్ 21న, 2022 అక్టోబరు 25న పాక్షిక గ్రహణాలు ఇక్కడ కనిపించాయి. ఆ రోజుల్లో టీవీలు ఏ రాశివారికి ఏమవుతుందన్న చర్చలతో నిండిపోయాయి. ఈ విషయంలో చానళ్లు కూడా తప్పించుకోలేవు. సూర్యుణ్ని నేరుగా చూడకూడదు, ఎక్స్‌రే ఫిల్మ్‌తో అసలే చూడకూడదు, నిజమే. కానీ అట్టకు గుండుసూదితో బెజ్జం పెట్టి నీడలో పడే వెలుగును చూడటానికి ఏ ప్రమాదమూ లేదు. వేపచెట్టు కింద నిలబడితే ఆకుల సందుల్లోంచి నేలమీద వందల చంద్రవంకలు పడతాయి.

2031 మే 21న వలయాకార గ్రహణం కేరళ, తమిళనాడు మీదుగా వెళ్తుంది. మన దగ్గర పాక్షికంగా కనిపిస్తుంది. అదీ సెలవుల్లోనే. అంతకంటే ముందు మాత్రం ప్రతి ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే రోజు ఉంది. మబ్బు పట్టకపోతే మధ్యాహ్నం 12.20 దాటాక రెండు మూడు నిమిషాలు. కావాల్సింది ఓ వాటర్ బాటిల్, దాన్ని నిలబెట్టడానికి కాస్త చదునైన నేల.