ఇబ్రహీంపట్నం లెక్క ఎవరు చెప్తారు?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒక్కరోజే 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. 5 లక్షలు, డబుల్ బెడ్రూం ఇల్లు ప్రకటించారు. మన ఆడోళ్ల ప్రాణం రేటు అది!

ఇట్లాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, దేవికా బిశ్వాస్ కేసులో. అంతకు రెండేళ్ల ముందు బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందిని కోశారు. అక్కడా శవాలే లేచాయి. మంత్రి కోడలిని ఇట్లా వరసలో పడుకోబెడతారా?

సర్కారును అడిగినట్టే వాడలో మగాళ్లనూ అడగాలి. వేసెక్టమీ తేలిక, పొట్ట జోలికే పోనక్కర్లేదు. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో అది 0.3 శాతం, ఆడవాళ్ల ఆపరేషన్ 37.9 శాతం. సావిత్రీబాయి ఫొటోకు దండేసే అన్నలారా, కత్తి కిందికి ఆమెనే ఎందుకు పంపుతున్నారు?

కాన్పుల కోతల సంగతి రేపు రాస్తా.