బండపరుపు వాకిళ్లు, ఎండిపోయే పెరళ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 552 మిల్లీమీటర్లు. అందులో 338 నైరుతి రుతుపవనాలవే. ఆ నైరుతి ముఖం చాటేస్తే ఏమవుతుందో 2023లో చూశాం. ఆ ఖరీఫ్‌లో ప్రభుత్వం ప్రకటించిన 103 కరువు మండలాల్లో అత్యధికం సీమవే. అలాంటి ఏడు ఈ జిల్లాలోని మన యాడికిలో ఇంటిముందు మల్లెతీగకు బిందెడు నీళ్లు పోయాలన్నా మనసొప్పదు. పొలంలో బోరు ఎండిపోయిన రైతు పక్కింట్లోనే ఉంటాడు మరి. కానీ నిజానికి తప్పు మల్లెతీగది కాదు, దానికి బోరు నీళ్లు పెట్టడంలో ఉంది.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద కరువేడు సగం వానే పడిందనుకుందాం. ఆవిరైనవి, చిందినవి పోగా ఇరవై వేల లీటర్లకు పైగానే దిగుతాయి. అవన్నీ ఎటు పోతున్నాయి? తాడిపత్రి పక్కనే ఉంది కాబట్టి మనకు నాపబండ చవక. గేటు నుంచి గోడదాకా పరిచేసి, సందుల్లో సిమెంటు పూస్తాం. వాన నీరు నేలను తాకకుండానే వీధి కాలువలో కలుస్తుంది. ఎండాకాలం ఆ బండే కాగి, పక్కనున్న మొక్క వేళ్లను ఉడికిస్తుంది. చెట్టు చుట్టూ నాలుగు బండలు లేపేసి, మిద్దె గొట్టాన్ని ఆ పాదువైపు తిప్పితే చాలు. పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంట్లో వాడిన నీళ్లు రెండో ఆధారం. వెనకటి ఇళ్లలో జాలారి నీళ్లు పారేచోట అరటో, చేమదుంపో ఉండేది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు నేరుగా పోయొచ్చు. బట్టల సోడా నీళ్లు వద్దు, నేల చౌడుబారుతుంది. ఫ్లోరైడ్ భయంతో ఇంటింటా పెట్టుకున్న ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లూ అంతే. అందులో ఉప్పులు చిక్కబడి ఉంటాయి. వాటిని మరుగుదొడ్డికి, బండలు కడగడానికి వాడుకోవాలి.

డ్రిప్ మంచిదే. అయితే ఇక్కడిది సున్నపురాయి నేల, నీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నాళ్లకే సన్నటి రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టి చుక్క రాకుండా చేస్తుంది. నాలుగైదు మొక్కలున్న పెరటికి మెరుగు పెట్టని మట్టికుండే మేలు. దాన్ని మూతిదాకా పాతి, నింపి మూత పెడితే గోడల గుండా తేమ నెమ్మదిగా వేళ్లకు చేరుతుంది. పైన అరజానెడు మందాన వేరుశనగ పొట్టు పరిస్తే నల్లరేగడి పగుళ్లివ్వదు. చెదలు రాకుండా మొదలుకు మాత్రం తగలనీయకూడదు.

పచ్చిక మాత్రం ఈ నేలకు తగదని నా గట్టి అభిప్రాయం. మండుటెండల్లో అది చదరపు మీటరుకు రోజూ ఐదు లీటర్ల దాకా తాగుతుంది. వేప, కానుగ, సీతాఫలం, దానిమ్మ, గన్నేరు, నందివర్ధనం నిలదొక్కుకున్నాక మన నీళ్ల కోసం ఎదురుచూడవు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వాననీటి సేకరణ గురించి చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. ఇంటి ప్లాను మంజూరు చేసేటప్పుడు పంచాయతీ అడగాల్సింది రెండే: మిద్దె నీళ్లు ఎక్కడ ఇంకుతాయి, వాకిట్లో బండ పరవని నేల ఎంత? ఈ రెండింటికీ జవాబు లేని ప్లానుకు సంతకం పెట్టకూడదు.