వాన బడికి నడచునా?

"వాకింగ్ టు స్కూల్, ది రెయిన్ డ్రెంచ్డ్ ది బాయ్" అను ఆంగ్లవాక్యమును నల్లబల్లపై వ్రాసి, ఇందలి దోషమేమని అడిగినచో తరగతిలో పెక్కుమంది మౌనము వహింతురు. పదములన్నియు తెలిసినవే, క్రియారూపములును సరిగనే యున్నవి. దానినే "బడికి నడచుచు వాన బాలుని తడిపెను" అని తెలుగున వ్రాసి చూపుడు. వెనుకబల్లమీది పిల్లవాడు సైతము నవ్వును. నడచినవాడు బాలుడు, వాక్యము ఆ నడకను వానకు అంటగట్టినది.

ఆ నవ్వు వ్యాకరణజ్ఞానమే. సూత్రము చెప్పలేకపోయినను, కర్త తారుమారైనదని బాలుడు గ్రహించెను. ఇట్టి జ్ఞానము పిల్లలకు ముందే యుండగా, మన ఆంగ్లబోధన దానిని తట్టి లేపక, ఈ పాఠమును ఏదో పరదేశపు చిక్కుముడివలె చెప్పుచున్నది. ఈ పద్ధతి మారవలెనని నా అభిప్రాయము.

ఆధారము లేక వ్రేలాడు ఇట్టి విశేషణములను ఆంగ్లవ్యాకర్తలు 'డాంగ్లింగ్ మాడిఫయర్' అందురు. అమెరికా కళాశాలలలో ప్రవేశమునకై వ్రాయు శాట్ పరీక్షలోను, మన దేశమున ఉద్యోగములకై స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ జరుపు పరీక్షలలోని దోషనిర్ణయ ప్రశ్నలలోను ఇవి ఎదురగుచుండును. వీనికై పిల్లలకు నేర్పెడి కిటుకు ఒకటి కలదు: కామా వెంటనే ఎవరున్నారో చూడుము, మనిషి యున్న సరి, వస్తువున్న తప్పు. తొందరలో ఈ కిటుకు పనికివచ్చును. కాని ప్రశ్నను కూర్చువానికి కూడ ఆ కిటుకు తెలియును గదా! "వాకింగ్ టు స్కూల్, రామాస్ అంబ్రెల్లా వాజ్ లాస్ట్" అని అతడు వ్రాయును. కామా ప్రక్కనే రాముడున్నాడని విద్యార్థి సంతసించును. అచట నున్నది రాముడు కాదు, రాముని గొడుగు. ప్రథమావిభక్తిలో నిలిచినది గొడుగు. రాముడు షష్ఠిలో ఒదిగియున్నాడు. విభక్తి యెఱిగినవాడు ఇచట మోసపోడు. కిటుకు మాత్రమే యెఱిగినవాడు తప్పక మోసపోవును.

మన పిల్లలు తెలుగు వ్యాకరణమున క్త్వార్థకము, శత్రర్థకము అను పేర్లను చదువుదురు. 'తిని', 'చదివి' అనునవి క్త్వార్థకములు. 'తినుచు', 'చదువుచు' అనునవి శత్రర్థకములు. "రాముడు అన్నము తినెను. రాముడు బడికి పోయెను" అను రెండు వాక్యములను "రాముడు అన్నము తిని బడికి పోయెను" అని కలుపునపుడు ఒక రాముడు తొలగిపోవును. రెండు పనులకును కర్త ఒక్కడే యగుటచేతనే ఆ తొలగింపు చెల్లినది. పూర్వక్రియకును ఉత్తరక్రియకును కర్త ఒకడే కావలెనను ఈ నియమమును పాణిని రెండువేల యేండ్లకు పూర్వమే అష్టాధ్యాయి మూడవ అధ్యాయమున విధించెను. 'వాకింగ్', 'హావింగ్ ఈటెన్' అను రూపములతో ఆరంభమగు ఆంగ్లవాక్యములకును మూలసూత్రము ఇంచుమించు ఇదియే. మన యింటి అటకమీద నున్న వస్తువును మనము బజారులో సొమ్మిచ్చి కొనుచున్నాము.

"వాన కురిసి చెరువు నిండెను" అనుచున్నాము గదా, అచట కర్తలు వేఱు కారా యని తెలుగు పండితులు అడుగవచ్చును. నిజమే. కాని కురిసినది వాన యని ఆ వాక్యమే చెప్పుచున్నది. ఆంగ్లమున కూడ "ది రెయిన్ హావింగ్ ఫాలెన్, ది ట్యాంక్ ఫిల్డ్" అనవచ్చును. తన కర్తను తాను వెంటబెట్టుకొని వచ్చిన పదబంధము పొరుగువానిని ఆశ్రయింపదు. కర్త లేక వచ్చినదే ఎదుటనున్నవానిని పట్టుకొనును.

మఱి మన పిల్లలు నిజముగ తప్పటడుగు వేయునది ఎచట? ఈ రెండు భాషలు విడిపోవు చోట. "ఫలితము విని అతనికి దుఃఖము కలిగెను" అనుట తెలుగున నిర్దోషము. విన్నవాడును దుఃఖమును అనుభవించినవాడును ఒక్కడే. 'అతనికి' అని 'కి' ప్రత్యయముతో నున్నను తెలుగు అతనిని గుర్తించును. పదమునకు పదముగ దీనిని "హియరింగ్ ది రిజల్ట్, సారో కేమ్ టు హిమ్" అని మార్చినచో, ఫలితమును విన్నది దుఃఖమగును! తెలుగు అనుభవించినవాడెవడని చూచును. ఆంగ్లము ప్రధానవాక్యమున కర్తృస్థానమందు ఎవరు కూర్చున్నారని చూచును. కావున "హియరింగ్ ది రిజల్ట్, హి ఫెల్ట్ సారో" అనవలెను. ఆకలి వేయుట, కోపము వచ్చుట, జ్ఞాపకము వచ్చుట మున్నగు వానిని మనము 'అతనికి' అనియే చెప్పుదుము. వీనిని ఆంగ్లమునకు మార్చునపుడు 'అతనికి' అనుదానిని 'అతడు'గా మార్చుట యొక్కటి నేర్పినచో పొరపాట్లలో పెద్దపాలు తొలగును.

పదము నిలుచు చోటు విషయమునను ఇట్లే. తెలుగున 'రాముడే', 'సీతకే', 'పుస్తకమే' అని ఏకారము తాను నొక్కి చెప్పదలచిన మాటకు అంటుకొనియుండును. మాట ఎచటికి కదలినను అదియు వెంట పోవును. ఆంగ్లమందలి 'ఓన్లీ' విడిగా తిరుగు పదము. "ఓన్లీ రామా గేవ్ సీతా ఎ బుక్" అనిన ఇచ్చినవాడు రాముడొక్కడే. "రామా గేవ్ ఓన్లీ సీతా ఎ బుక్" అనిన పుచ్చుకొన్నది సీతయొక్కతే. "రామా గేవ్ సీతా ఓన్లీ ఎ బుక్" అనిన ఇచ్చినది పుస్తకము మాత్రమే. మనకు ప్రత్యయము చేయు పనిని వారికి స్థానము చేయుచున్నది. ఆంగ్లమునకు స్థానమే విభక్తి యని చెప్పినచో బాలుడు మఱవడు.

ఈ నియమము ఎల్లచోట్ల ఉక్కుగోడ యని చెప్పరాదు. షేక్స్పియరు 'హామ్లెట్' నాటకము ప్రథమాంకమున, తోటలో నిద్రించుచుండగా పాము కఱచెనని లోకము నమ్మినదని రాజు ప్రేతము చెప్పును. ఆ మాటల కూర్పును కఠినముగ విచారించినచో నిద్రించినది పామే యగును. అయినను ఏ ప్రేక్షకుడును పొరపడడు. 'కన్సిడరింగ్' వంటి కొన్ని మాటలు కర్త లేకయే ఆంగ్లమున చెల్లుచున్నవి. పరీక్షకు నియమమును నేర్పుచునే, నియమము అర్థస్పష్టతకై పుట్టినదని కూడ చెప్పవలెను.

ఏలయన పరీక్షలు మారుచుండును. వ్యాపారవిద్యాకళాశాలల ప్రవేశమునకు వ్రాయు జీమ్యాట్ పరీక్షకు 2023 నవంబరులో వచ్చిన నూతన రూపమున వాక్యములను సరిదిద్దు ప్రశ్నలు తొలగిపోయినవి. వానికై కంఠస్థము చేసిన కిటుకులును వానితోడనే పోయినవి. కాని "ఆఫ్టర్ ఫెయిలింగ్ ట్వైస్, ది హెడ్‌మాస్టర్ అడ్మిటెడ్ ది బాయ్" అని వ్రాసిన ఉత్తరమున రెండుమార్లు తప్పినవాడు ప్రధానోపాధ్యాయుడగుట మానదు. అర్జీ, ఒప్పందము, వైద్యుని సూచన—వీనిలో మాట చోటు తప్పిన నష్టము మార్కులతో పోదు.

ఉపాధ్యాయులకు నా మనవి స్వల్పము. ఆంగ్లోపాధ్యాయుడును తెలుగు ఉపాధ్యాయుడును కలిసి ఈ పాఠమును ఒకనాడు చెప్పుదురుగాక. బాలునిచే మూడు ప్రశ్నలు వేయింపుడు: ముందు చెప్పిన పని ఎవరిది? ప్రధానవాక్యమున కర్తృస్థానమందున్నది ఎవరు? ఇద్దరును ఒక్కరేనా? కానిచో కర్తను మార్చవలెను; లేదా "యాజ్ ది బాయ్ వాజ్ వాకింగ్ టు స్కూల్" అని మొదటి భాగమునకే కర్తను సమకూర్చవలెను.

ప్రభుత్వపాఠశాలలలో సైతము ఆంగ్లమాధ్యమము వ్యాపించిన ఈ కాలమున, "తెలుగులో ఆలోచింపకుము, ఆంగ్లము చెడును" అను హితవు పిల్లలకు తఱచు వినబడుచున్నది. తాను పుట్టి పెరిగిన భాష తనకు అడ్డమని నమ్మిన బాలుడు రెండు భాషలయందును జంకును. తెలుగులో ఆలోచించుట దోషము కాదు. ఆలోచించి, రెండు భాషలు విడిపోవు చోటును గుర్తింపకపోవుటయే దోషము. ఆ చోటును చూపుటకే గురువు కావలెను.