జాబర్ ముచ్చట: ఏ కంపెనీ కోత మిషన్ మంచిది?

ముప్పై ఏండ్లు గిర్నీల సాంచాలు బాగు చేసినోనికి చెట్లు కోసే మిషన్‌తోని ఏం పని అని నవ్వకుండ్రి. మన షోలాపూర్ పేటలల్ల సాంచాలు ఒక్కొక్కటే బంద్ అయితున్నయి. పోరగాండ్లు వేరే పని ఎతుక్కుంటున్నరు. మా చెల్లె కొడుకు సుత అట్లనే చెట్లు కోసే పని పట్టుకున్నడు. వానకాలం ముందుగాల ఇండ్ల మీదికి వంగిన వేప కొమ్మలు కొట్టేయాలె, చేన్ల గట్ల మీది సర్కారు తుమ్మ తీసెయ్యాలె. చేసేటోనికి పని ఉన్నది.

రెండేండ్ల కింద వాడు నన్ను అడగకుండ ఒక మిషన్ కొన్నడు. పేరు ఊరు లేని మిషన్. డబ్బా మీద 58 సీసీ, 22 ఇంచుల పట్టీ అని పెద్ద అక్షరాలు. పేరున్న కంపెనీ మిషన్‌ల మూడో వంతు ధరకే వచ్చిందని మురిసిండు. నాలుగు నెలలు మంచిగనే నడిచింది. తర్వాత ముందటి గార్డుల ఉండే బ్రేకు పట్టీ విరిగింది. దుకాణపాయన "ఆ సామాను రాదు, అది లేకున్నా నడుస్తది" అన్నడు. వీడు నమ్మి నడిపిండు.

ఒకనాడు తుమ్మ చెట్టు కొమ్మ కోస్తుంటే పట్టీ కొస ఇంకో కొమ్మకు తాకింది. మిషన్ ఎగిరి మీదికొచ్చింది. ఎడమ భుజానికి పద్నాలుగు కుట్లు పడ్డయి. మెడ దిక్కు ఇంకో నాలుగు వేళ్లు జరిగితే ఈ ముచ్చట నేను ఇట్ల రాద్దునా? రెండు నెలలు వాని భార్య బీడీలు చుట్టి ఇల్లు ఎల్లదీసింది.

ఇప్పుడు భుజం నయమైంది. మల్ల అదే పని చేస్త అన్నడు. కోడలు తన బచత్ గట్‌ల దాచిన పైసలు నా ముందట పెట్టి, "మామయ్యా, ఈయన మాట మీద నేనియ్య. మీరు చూసి మంచిదంటెనే ఇస్త" అన్నది. గిర్నీల మేనేజర్ ముందట నిలవడ్డప్పుడు సుత నాకు అంత బుగులు కాలేదు.

చా హోటల్ల కూసుంటే తలొక్కరు తలొక మాట. ఒకాయన స్టిల్ అంటడు. ఇంకొకాయన హస్క్‌వర్నా అంటడు. మూడో ఆయన మకితా అంటడు. నాలుగో ఆయన "కంపెనీ పేరుకు పైసలు పొయ్యకు, అన్ని ఒక్కటే" అంటడు. ఎవరు కొన్నది వాళ్లకు మంచిదే. ఎడ్లు కొన్న కాలంల సుత ఇంతే గదా.

ఆ పేర్ల వెనుక కథ కొంచెం నాకు ఎరికే. స్టిల్ జర్మనీ కంపెనీ. ఆండ్రియాస్ స్టిల్ అనేటాయన 1926ల పెట్టిండు. ఆయన మొదలు చేసిన కరెంటు రంపం 64 కిలోలు ఉండేదట, ఇద్దరు మనుషులు పట్టాలె. హస్క్‌వర్నా స్వీడన్‌ది. 1689ల తుపాకుల కార్ఖానగా మొదలైంది, 1872ల బట్టలు కుట్టే మిషన్లు చేసింది, చెట్లు కోసే మిషన్లకు 1959ల వచ్చింది. కుట్టు మిషన్ చేసిన చెయ్యి అంటే మనకు కొంచెం దగ్గరితనం అనిపిస్తది. మకితా జపాన్‌ది.

ఇంకో సంగతి మీకు నచ్చుతది. ఇప్పుడు అన్ని కంపెనీల మిషన్ల మీద నడిచే గొలుసు పండ్ల వరస ఒక చెట్లు కొట్టే కూలి మనిషి బుర్రల పుట్టింది. అమెరికాల జో కాక్స్ అనేటాయన 1946ల ఒక మొద్దుల కట్టె తొలిచే పురుగును చూసిండు. ఆ పురుగు దవడలు అటు ఇటు తిప్పుకుంట కట్టెను ఎటువడితె అటు కోస్తున్నది. ఆ దవడల తీరుగ గొలుసు పండ్లు చేసిండు. అదే ఒరెగాన్ గొలుసు. పని చేసేటోని కన్ను పని మీద ఉంటె ఎంత పెద్ద సంగతైనా దొరుకుతది.

సరే, మేము మూడు దుకాణాలు తిరిగినం. నాకు మోటర్ సీసీ లెక్కలు పెద్దగ తెలవయి. జాబర్‌గ నాకు తెలిసింది ఒక్కటే. గిర్నీల నాడె ఎగిరి పక్క సాంచ మీది మనిషి కంటికి తగిలింది చూసిన. దాన్ని ఆపేటందుకే సాంచాకు నాడె గార్డు ఉంటది. పోగు అతికేటందుకు అడ్డమని ఎవరో అది ఇప్పి పెట్టిండ్రు. ఒక పూట ఎక్కువ గజాలు దిగినయి, ఒక కన్ను పోయింది. అప్పటి సంది ఏ మిషన్ చూసినా అది ఎంత జోరుగ నడుస్తదని అడగ. ఎట్ల ఆగుతదని అడుగుత.

కోత మిషన్‌ల ఆ గార్డు ముందటి పిడి ముంగట ఉంటది. పట్టీ కొస పైభాగం కట్టెకు తాకితె మిషన్ కన్ను మూసి తెరిచేలోపట మొఖం మీదికి ఎగురుతది. అప్పుడు ఆ గార్డు ముందుకు ఒరిగి గొలుసును ఆపాలె. అందుకని దుకాణంల నేను నాలుగు చూసిన.

మొదటిది, మిషన్ చాలు చేసి రెండు చేతుల పట్టుకొని, రేసు ఇచ్చి, ఎడమ మణికట్టుతోని గార్డును ముందుకు నూకితె గొలుసు ఆ క్షణమే ఆగాలె. రెండోది, రేసు వదిలితె మోటర్ నడిచినా గొలుసు కదలొద్దు. మూడోది, పట్టీ కొసను తెల్ల కాయితం దిక్కు పట్టి రేసు ఇస్తె కాయితం మీద నూనె గీత పడాలె. పడకుంటె గొలుసుకు నూనె అందుతలేదు. నాలుగోది దుకాణపాయనకు పరీక్ష. "బ్రేకు పట్టీ, క్లచ్ డ్రమ్, గాలి జాలి, గుంజే తాడు ఇప్పుడే చూపెట్టు" అన్న.

మొదటి దుకాణపాయన డబ్బా ఇప్పనీయలేదు. "కొన్నంక ఇప్పు" అన్నడు. దండం పెట్టి బయటికొచ్చినం. రెండో దుకాణంల హస్క్‌వర్నా 120 ఉన్నది. మంచి మిషన్, 38 సీసీ, చేతికి బాగ కూసున్నది, బ్రేకు టక్కున పట్టింది. కని సామాను వేరే ఊరి నుంచి రావాలె, వారం అయితది అన్నడు. మూడో దుకాణంల స్టిల్ ఎమ్మెస్ 180. 31.8 సీసీ, పట్టీ గొలుసు లేకుండ 4 కిలోల దగ్గర బరువు. నేను అడిగిన నాలుగు సామాన్లు ఆయన పెట్టెలనుంచి తీసి బల్ల మీద పెట్టిండు. ఒక పోరడు ఎనుక కూసుండి ఎవరిదో మిషన్ ఇప్పి బాగు చేస్తున్నడు. నా మనసు అక్కడనే ఆగింది.

మా అల్లునికి మొఖం చిన్నగైంది. "మామా, 58 సీసీ నుంచి 31కి దిగుతమా?" అన్నడు. "నువ్వు కోసేది వేప కొమ్మ, తుమ్మ మొద్దు. అడవి కాదు. పొద్దంతా నాలుగు కిలోలు మోసుడు వేరే, ఏడు కిలోలు మోసుడు వేరే. అలిసిన చెయ్యికే దెబ్బ తగులుతది" అన్న. 16 ఇంచుల పట్టీతోని తీసుకున్నం. మిగిలిన పైసలతోని హెల్మెట్, కండ్లద్దాలు, చెవులకు మూతలు కొనిపిచ్చిన. చెవుల మూతలు ఎందుకంటరా? సాంచ ఖాతాల ముప్పై ఏండ్లు పనిచేసిన నాకు ఎడమ దిక్కు పిలిస్తె వినవడదు. అందుకు.

ఇంటికొచ్చినంక కోడలి ముందట మిషన్ చాలు చేసి గార్డు నూకి చూపెట్టినం. గొలుసు ఆగింది. "మల్లొకసారి" అన్నది. మూడుసార్లు చూసింది. అప్పుడు లోపలికి పోయి చా పెట్టింది.

నా అసలు మాట ఇది. నాకు నచ్చింది స్టిల్, ఎందుకంటె మా పేట నుంచి నడిచిపొయ్యేంత దూరంల దాన్ని బాగు చేసేటోడు ఉన్నడు. మీ ఊర్ల హస్క్‌వర్నా మనిషి దగ్గరుంటె అదే మీకు మంచిది. మకితా ఉంటె మకితా. బ్రేకు పట్టీ దొరకని మిషన్ ఎంత సస్త అయినా ముట్టకుండ్రి. మా అల్లునికి ఆ మిగులు పైసల ఖరీదు పద్నాలుగు కుట్లు.

కొన్నంక చేసేది సుత రాస్త. ఆ రెండు కంపెనీలు తమ టూ స్ట్రోక్ నూనెకు చెప్పే లెక్క లీటరు పెట్రోలుకు 20 మిల్లీలు. నూనె వెయ్యకుండ ఒక్కసారి నడిపితె మోటర్ పట్టేస్తది. గొలుసుకు కాల్చిన ఇంజన్ నూనె పొయ్యకుండ్రి. కట్టె ముక్కలుగ పడితె గొలుసు వాడిగున్నట్టు, పిండి లెక్క పడితె మొద్దు అయినట్టు. అప్పుడు గుండ్రటి ఆకురాయితోని పండ్లు అన్నిటికి సమంగ రాయాలె. మా చిన్న గొలుసుకు 4 మిల్లీమీటర్లది. భుజం కన్న ఎత్తుల కొయ్యొద్దు, నిచ్చెన మీద నిలవడి కొయ్యొద్దు, ఒంటి చేత్తోని అసలే కొయ్యొద్దు.

ఇంకొకటి. మన మహారాష్ట్రల పట్నం చెట్లకు 1975 సంది చట్టం ఉన్నది. కార్పొరేషన్ చెట్ల అధికారి పర్మిషన్ లేకుండ చెట్టు కొట్టొద్దు. ఎవరైనా పైసలు ఎక్కువిస్తమన్నా కాయితం చూసినంకనే మిషన్ చాలు చెయ్యమని అల్లునికి చెప్పిన.

భివండిల, బరంపురంల, కోయంబత్తూరుల ఉన్న మనోళ్లు మీ దగ్గర ఏ మిషన్ బాగు చేసేటోడు ఉన్నడో రాయుండ్రి. మనోళ్ల పోరగాండ్లకు పనికొస్తది. వచ్చే నెల మల్ల కలుద్దాం.