అమృతరావు ఎందుకు మారడు?

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకు తన 24 మంది గురువులను వర్ణిస్తాడు. వారిలో కపోతం ఉంది, శలభం ఉంది, మీనం ఉంది. ఇవేవీ తాము నేర్చుకున్నవి కావు. కపోతం భార్యాపుత్రమోహంతో వలలో పడింది. శలభం అగ్నిలో దగ్ధమైంది. నేర్చినవాడు చూచినవాడు.

టీవీ హాస్యధారావాహికలలో పాత్రలు ఎన్ని పాఠాలు విన్నా ఎదగవని ఆక్షేపించేవారు ఈ ఘట్టాన్ని మరల చదవాలి. గుణ్ణం గంగరాజు రూపకల్పనలో 2001 నుండి 2007 వరకు జెమిని టీవీలో ప్రసారమైన 'అమృతం' తెలుగువారికి సుపరిచితం. అమృతరావు, ఆంజనేయులు తరచూ ఏదో సులభోపాయం పన్నుతారు, అది వికటిస్తుంది, చివరకు ఒక చిన్న పాఠం మిగులుతుంది. మరుసటి వారానికి పాఠం పోయి ఆశ మాత్రం నిలుస్తుంది.

ఇది రచనాలోపం కాదు, యథార్థదర్శనం. ఒక్క ఉపదేశంతో కలిగేది శ్మశానవైరాగ్యమే. దానివల్ల వాసన క్షయించదు. ఒక్క దెబ్బతో దుష్టుడు సాధువైపోయే ధారావాహికలే నిజానికి అసత్యం పలుకుతున్నాయి. అమృతరావు వేషాన్ని శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాలలో ధరించారు. దేహాలు మారినా స్వభావం చెక్కుచెదరలేదు! దేహాంతరప్రాప్తికి ఇంతకంటె సులభమైన దృష్టాంతం వేదాంత పాఠశాలలోనూ దొరకదు.

మరి ఆ చిన్న పాఠాల ప్రయోజనమేమి? అవి పాత్రను మార్చవు, వెలికి తీస్తాయి. ఒకనాడు లోభం, ఒకనాడు భయం, మరొకనాడు ఆంజనేయులుపై విడువరాని స్నేహం బయటపడతాయి. ఇచ్చోడకు సమీపాన కేస్లాపూర్‌లో ఏటా పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. ఆ ప్రాంతపు గోండుల వంశగాథలను ప్రధానులు కిక్రీ వాయిస్తూ గానం చేస్తారు. తెలిసిన కథనే జనం మరల వింటారు. శ్రవణం ఒకసారితో ముగిసేదైతే శాస్త్రం మనన నిదిధ్యాసనలను విధించేదే కాదు.

పరీక్ష అంతా ప్రేక్షకునికే. ఏకాదశినాడు ప్రవచనం విని, ఇల్లు చేరగానే తమ్మునితో పొలంగట్టు తగవు తిరిగి తవ్వే భక్తుడు అమృతరావును చూచి పగలబడి నవ్వుతాడు. అవధూత కపోతాన్ని చూచి నవ్వలేదు.

పింగళ ఒక్కతె వేరు. ఒక్క రాత్రి నిరీక్షణలో ఆమె ఆశను విడిచి సుఖంగా నిద్రించింది. అక్కడితో ఆమె కథ ముగిసింది. అమృతరావు నిజంగా నేర్చుకున్న వారమే 'అమృత విలాస్'కు తాళం పడేది.