లోపలి గోడలు మనమే వేసుకుందాం

పండగ దగ్గరపడితే పెయింటర్లు ఫోన్లు ఎత్తరు. ఎత్తకపోయినా పరవాలేదంటాను. బయటి గోడలకు, పైకప్పుకు, నిచ్చెన ఎక్కాల్సిన ప్రతి చోటుకూ వాళ్లే కావాలి. పడకగది గోడలకు మాత్రం ఇంట్లోవాళ్లు చాలు. ఖమ్మంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మా గదులకు నేనూ మావారే రంగులు వేసుకుంటాం.

మనకిది కొత్త విద్యేం కాదు. సంక్రాంతి ముందు సున్నపురాళ్లు నానేసి, కుతకుతలాడి చల్లారాక వడగట్టి, కాస్త నీలిమందు కలిపి అమ్మావాళ్లే వెల్ల వేసేవాళ్లు. ఎమల్షన్ దానికంటే తేలిక. రోలరుతో పూస్తే సరి, చేతులకంటినా నీళ్లతో పోతుంది.

కష్టమంతా రంగుకు ముందే. పెచ్చులు గీకాలి, పగుళ్లలో లప్పం నింపాలి, ఆరాక గరుకు కాగితంతో రుద్దాలి, దుమ్ము తుడిచి ప్రైమర్ వేయాలి. ఇల్లు మనకు తెలిసేది అప్పుడే. బీరువా జరిపితే మా గోడకు చెమ్మ కనిపించింది. అవతల బాత్‌రూం పైపు కారుతోంది. అలాంటి గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కి ఊడుతుంది. అందుకే ముందు ప్లంబరు వచ్చాడు, గోడ ఆరింది, ఆ తర్వాతే డబ్బా మూత తీశాం.

రంగు ఎంత పడుతుందన్న లెక్క ఎనిమిదో తరగతి చదివే మనవరాలికి అప్పగించాను. పన్నెండుకు పది గది, పదడుగుల ఎత్తు. నాలుగు గోడలూ 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే దాదాపు 400. లీటరు ఎంత మేరకు వస్తుందో కంపెనీవాళ్లే చెబుతారు. భాగించడం తన వంతు. పుస్తకంలో విసుక్కునే లెక్కను ఇక్కడ టేపు పట్టుకుని మరీ చేసింది.

పాత తలుపుల ఎనామిల్ జోలికి మాత్రం వెళ్లకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అంతకుముందు పూసినవాటిని పొడిగా రుద్దితే సీసం దుమ్ము లేవొచ్చు. అది పసిపిల్లల మెదడుకు చేటు. ఆ పని తడిపి రుద్దడం తెలిసిన పెయింటరుకే వదలండి, మంచి మాస్కు మీరే కొనివ్వండి.

వాళ్ల పొట్ట కొడుతున్నారు కదా అని అడిగేవాళ్లున్నారు. ఒక్క గోడ గీకి, లప్పం పట్టి చూడండి. మర్నాడు భుజం ఎత్తలేని మనిషి పెయింటరు కూలి దగ్గర బేరమాడలేడు.