నీలిచుక్క చెప్పిందే వేదమా?

మొన్న శ్రావణమాసంలో ఒక రాత్రి పదిన్నర దాటాక ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు ఫోన్ వస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. ఎత్తితే సిరిసిల్ల నుంచి మా అక్క కూతురు.

"చిన్నమ్మా, నేను కోరుట్లకు పోలేదని నువ్వన్న జెర చెప్పవా..." అని ఒకటే ఏడుపు.

నాకేమీ అర్థం కాలేదు. నేనుండేది జగిత్యాలలో. అమ్మాయి ఉండేది సిరిసిల్లలో. మధ్యలో ఈ కోరుట్ల ఎక్కణ్ణుంచి వచ్చింది?

నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. అల్లుడు దుబాయిలో ఉంటాడు. కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు పెళ్లానికి కొత్త ఫోన్ కొనిచ్చాడు. అందులో తనెక్కడున్నదీ మ్యాపు మీద అతనికి ఎప్పుడూ కనబడేలా లొకేషన్ షేరింగ్ పెట్టి మరీ వెళ్లాడు. "నువ్వు కండ్ల ముందర ఉన్నట్టే ఉంటది" అన్నాడట. పిల్ల మురిసిపోయింది. మొగుడికి తన మీద ఎంత ప్రేమో అనుకుంది.

ఇప్పుడు మూడు రోజులుగా మధ్యాహ్నం రెండయ్యిందంటే చాలు, ఆ మ్యాపులో పిల్ల కోరుట్లలో కనబడుతోంది. సాయంత్రం ఆరింటికి మళ్లీ సిరిసిల్లలో తేలుతోంది. "ఏడికి పోతున్నవ్? ఎవల కోసం పోతున్నవ్?" అని అక్కణ్ణుంచి ఒకటే నిలదీత. ఇంకో చిక్కేమిటంటే, పెళ్లికి ముందు ఈ అమ్మాయికి కోరుట్ల సంబంధమొకటి మాటలదాకా వచ్చి తప్పిపోయింది. ఆ పాత ముచ్చట ఇప్పుడు నిప్పురవ్వ అయి కూర్చుంది.

"ఆ వేళకు నేను సాంచాల షెడ్డుల కండెలు చుట్టుకుంట కూసుంట చిన్నమ్మా. అత్తమ్మ చెప్పినా ఇంటలేడు. మా అమ్మను గూడ కలుపుకున్నవా అంటున్నడు" అంది.

మనిషి చెప్పింది అబద్ధం, కన్నతల్లి చెప్పింది అబద్ధం! ఫోన్లో ఒక నీలిచుక్క చెప్పింది మాత్రం సత్యం! ఇదెక్కడి న్యాయం?

చుక్క వెనక ఉన్న కథ

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. పాతికేళ్లుగా పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్న పంతులమ్మను. తప్పు ఫోన్‌దైతే ఎక్కడో దొరకకపోదని నా నమ్మకం.

ముందు ఈ చుక్క ఎలా పుడుతుందో చెప్పుకుందాం. భూమికి ఇరవై వేల కిలోమీటర్ల పైన జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్కగట్టుకుంటుంది. ఆరుబయట ఉన్నప్పుడు ఈ లెక్క కొద్ది మీటర్ల తేడాతో సరిగ్గా వస్తుంది. కానీ ఆ సంకేతాలు చాలా బలహీనమైనవి. స్లాబు కింద సన్నగిల్లుతాయి, ఇనుప రేకుల కిందికి వస్తే దాదాపు ఆగిపోతాయి. మా సిరిసిల్ల సాంచాల షెడ్లకూ, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీల గోదాములకూ ఎక్కువగా ఉండేవి ఆ రేకులే కదా!

ఉపగ్రహం అందనప్పుడు ఫోన్ ఊరుకోదు. దగ్గర్లోని సెల్ టవర్లను అడుగుతుంది. చుట్టుపక్కల వైఫై పెట్టెలను కూడా ఆనవాలు పడుతుంది. మనం ఆ వైఫై వాడకపోయినా సరే! ప్రతి పెట్టెకూ ఒక ప్రత్యేకమైన నంబరు ఉంటుంది. ఫలానా నంబరు పెట్టె ఫలానా చోట ఉందని మ్యాపు కంపెనీలు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటాయి. ఆ పెట్టె కనబడితే మనమూ అక్కడే ఉన్నామని ఫోన్ తేల్చేస్తుంది.

షెడ్డు బయట నిలబడి చూస్తే చుక్క వీధిలోనే బుద్ధిగా ఉంది. లోపలికి వెళ్లి కూర్చున్న కాసేపటికి చెంగున ఎగిరి కోరుట్లలో వాలింది! నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గోడ అవతల అద్దె గదిలో ఉన్నవాళ్లను పలకరించాను.

"ఎన్నాళ్లయింది అమ్మా మీరిక్కడికొచ్చి?"

"వారమైతలేదు మేడం. కోరుట్ల నుంచి వచ్చినం."

"అక్కడి వైఫై పెట్టె తెచ్చుకున్నారా?"

"ఆఁ, గదే పెట్టె. ఎందుకు మేడం?"

దొంగ దొరికాడు! పెట్టె సిరిసిల్లకు మారింది గానీ దాని పాత చిరునామా ఇంకా మారలేదు. వాళ్లను బతిమాలి అయిదు నిమిషాలు ఆ పెట్టె ఆపించి, ఫోన్లో లొకేషన్ ఆపి మళ్లీ వేశాం. చుక్క తడబడుతూ వచ్చి సిరిసిల్లలో పడింది. చుట్టూ వెడల్పాటి వలయం. పెట్టె మళ్లీ వేస్తే కాసేపటికి మళ్లీ కోరుట్ల!

ఇదంతా వీడియో కాల్‌లో అల్లుడికి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "తప్పయింది అత్తమ్మా" అన్నాడు. సమస్య తీరిందని నేను మురిసిపోతుంటే అమ్మాయి మెల్లగా అడిగింది.

"చిన్నమ్మా, పెట్టె దొరికింది గాబట్టి బతికిన. దొరకకపోతే? ఇంకోటి, నేను నిజంగనే ఒకనాడు కోరుట్లకు పోయిన అనుకో. దోస్తునో, దవాఖాననో చూసుకోను పోయిన. అది తప్పెట్లయితది?"

నా భౌతికశాస్త్రంలో దీనికి జవాబు లేదు.

నేరం చేయని ముద్దాయిలు

మా వైపు ఏ వాడకు వెళ్లినా గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల ఇళ్లు కనబడతాయి. ఇక్కడ బీడీలు చుట్టుకుంటూ, కండెలు చుట్టుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ సంసారం లాగేది ఆడవాళ్లే. ఉత్తరం చేరడానికి వారాలు పట్టిన రోజులు నాకు గుర్తే. ఎస్టీడీ బూతు ముందు వరసలో నిలబడ్డ రోజులూ గుర్తే. మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, ఊరికొచ్చే వాళ్ల చేత పంపుకున్నవాళ్లూ ఉన్నారు. అనుమానాలు అప్పుడూ లేకపోలేదు, పుల్లలు పెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ అనుమానానికి నిమిషనిమిషానికీ సాక్ష్యం అందించే యంత్రం అప్పుడు లేదు.

అవతలివాళ్ల బాధ నాకు తెలియకపోలేదు. అప్పుచేసి పోయి, ఒకే గదిలో పదిమందితో సర్దుకుని, ఎండలో పని చేసి వచ్చిన మనిషికి ఇల్లాలి చుక్క కనబడితే ఊరట. కాదనను. కానీ ఊరట కోసం పెట్టుకున్నది కాపలాగా మారడానికి ఎంతసేపు పడుతుంది? తప్పిపోతే వెతకడానికని పశువు మెడలో గంట కడతాం. కట్టుకున్న భార్యకు కూడా గంట కట్టాలా?

ఒక సంగతి వినండి. ఒక మాదకద్రవ్యాల కేసులో బెయిలిస్తూ, నిందితుడు ఎక్కడున్నదీ పోలీసులకు తెలిసేలా గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టాలని ఢిల్లీ హైకోర్టు షరతు విధించింది. అలా నిందితుడి కదలికలను పోలీసులు నిత్యం కనిపెట్టే షరతు చెల్లదని 2024 జులై 8న సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. అది అతని గోప్యత హక్కుకు భంగమని చెప్పింది. ఆ హక్కు రాజ్యాంగమిచ్చిందేనని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పి ఉంది. బెయిల్ మీదున్న నిందితుడికే లేని షరతు, ఏ నేరమూ చేయని ఇల్లాలికి ఎందుకు? కోర్టు తీర్పులు కాపురాల లోపలికి రాకపోవచ్చు. అందులోని న్యాయం మాత్రం ఇంటికీ వర్తిస్తుంది.

మీ ఫోన్లో చుక్క దారి తప్పితే

పోట్లాటకు దిగేముందు ఇవి చూసుకోండి. ఇక్కడున్నవాళ్లూ, అక్కడున్నవాళ్లూ కూడా.

చుక్క చుట్టూ లేత నీలం వలయం ఉంటుంది. వలయం ఎంత పెద్దదైతే ఫోన్‌కు అంత అనుమానంగా ఉన్నట్టు. మనిషి ఆ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చు, ఒక్కోసారి బయట కూడా! యంత్రమే తన అనుమానాన్ని గీసి చూపిస్తుంటే మనమెందుకు అంత గట్టిగా నమ్మాలి?

ఆ చుక్క ఎప్పటిదో చూడండి. ఎన్ని నిమిషాల కిందటిదో, ఎన్ని గంటల కిందటిదో పేరు దగ్గరే ఉంటుంది. జీపీఎస్ అందుకోవడానికి డేటా అక్కర్లేదు. కానీ ఆ సమాచారం అవతలివారికి పంపాలంటే డేటా కావాలి. రోజువారీ డేటా అయిపోతే చుక్క ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మనిషి బస్సులో ఇల్లు చేరినా, మ్యాపులో బస్టాండులోనే నిలబడి ఉంటుంది.

బ్యాటరీ సేవర్ వేసి ఉంటే ఫోన్ చాలా పనుల్ని నిద్రపుచ్చుతుంది. చుక్క కదలకపోవడానికి తరచూ ఇదే కారణం.

సెట్టింగ్స్‌లో లొకేషన్‌కు వెళ్లి ఆ యాప్‌కు ఏ అనుమతి ఇచ్చారో చూడండి. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అని ఉంటే, తెర ఆరిపోయాక లొకేషన్ అందకపోవచ్చు. ప్రిసైజ్ లొకేషన్ ఆపేసి ఉంటే ఆ యాప్‌కు మీరున్న ప్రాంతమే తప్ప కచ్చితమైన చోటు తెలియదు.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు రకాలు. ఆ గడువు తీరితే ఆగిపోతుంది. ఆగిపోయిందంటే ఎవరో కావాలని దాచారని కాదు.

ఇవన్నీ చూశాక కూడా తేడాగా ఉంటే ఆరుబయటికి వచ్చి రెండు నిమిషాలు నిలబడండి. లొకేషన్ ఆపి వేయండి, ఫోన్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. లోపలుంటేనే చుక్క ఎగిరిపోతోందంటే మా సిరిసిల్ల కథను గుర్తు చేసుకోండి. ఇల్లు మారిన వైఫై పెట్టె పాత చిరునామా కొన్నాళ్లకు దానంతటదే సరిపడుతుంది.

అక్కడి చుక్కలకూ ఈ జబ్బు ఉంది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య యుద్ధం జరిగినప్పుడు గల్ఫ్‌లో జీపీఎస్ సంకేతాలకు అంతరాయం కలిగి, వందలాది ఓడలు ఉన్నచోట కాక మరోచోట కనబడ్డాయి. అంతంత ఓడల చుక్కలే తప్పితే, షెడ్డులో కూర్చున్న ఆడపిల్ల చుక్క తప్పడం ఒక వింతా?

తాళం ఎవరి చేతిలో ఉంది?

చుక్క సరిచేసుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరు చూస్తున్నారో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. గూగుల్ మ్యాప్స్‌లో పైన కుడివైపున్న మీ బొమ్మ మీద నొక్కి లొకేషన్ షేరింగ్ తెరిస్తే, ఎవరెవరితో పంచుకుంటున్నారో కనబడుతుంది. మనలో చాలామంది ఫోన్ల జీమెయిల్ దుకాణం అబ్బాయో, మరిదో, కొడుకో తెరిచినదే. పాస్‌వర్డ్ మనకు తెలియదు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఫోన్ ఎక్కడుందో చూడగలరు. రేపు ఫోన్ పోతే వెతుక్కోవడానికి మనకు మాత్రం దారి ఉండదు. ఇంటి తాళంచెవి ఎవరికి ఇస్తున్నామో ఆలోచిస్తాం, మరి దీనికి?

ఇంట్లో కొట్టే మనిషో, బెదిరించే మనిషో ఉంటే మాత్రం తొందరపడి షేరింగ్ ఆపేయకండి. ఆపినట్టు అవతలివారికి తెలిసి కోపం మీ మీదికి రావొచ్చు. ముందు నమ్మకమైన వారికి చెప్పండి. మహిళల కోసం 181 ఉంది, జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. ప్రాణాపాయమైతే 112.

లొకేషన్ పంచుకోవడమే తప్పని నేననడం లేదు. రాత్రి ఆటోలో ఒంటరిగా వస్తున్నప్పుడు గంటసేపు పెట్టుకోండి, ఎంతో ధైర్యం. తేడా ఒక్కటే. మనం ఇష్టపడి ఇస్తే అది తోడు. మనల్ని అడక్కుండా తీసుకుంటే అది కాపలా.

మా అమ్మాయి ఇప్పుడు ఎప్పుడూ నడిచే ఆ షేరింగ్ తీసేసింది. "అవసరమైనప్పుడు గంట పెడత. నువ్వు డ్యూటీల నుంచి రాత్రి వచ్చేటప్పుడు నువ్వూ పెట్టు" అని మొగుడితో చెప్పింది. వారం రోజులు అలిగాడు. తర్వాత ఒకరాత్రి అతని చుక్క వచ్చింది, కింద ఒక మాట కూడా... "రూముకు చేరిన, నువ్వు తిన్నవా?" అని.

ఎక్కడున్నవ్ అని అడిగే మొగుడి కన్నా తిన్నవా అని అడిగే మొగుడే నయం కదూ! ఏమంటారు?